మేకల పాక గోడ

మళ్ళీ దిగారు, లిస్బన్ బస్సులోంచి,
ఇంగ్లీషు వాళ్ళు పదకొండు మంది.
చంకల్లో అట్టలూడిన అవే నవలలు.

"ఇక్కడే," అంటాడు పొడుగాటాయన గోడ తడిమి,
"సార్జెంటు ఇక్కడే తుపాకీలో మందు కూరాడు."
(డ్రైవరు జెర్వాజియో నాకు తర్జుమా చేస్తాడు.)
ఈ గోడ మా మామగారు కట్టింది,
నా పెళ్ళయిన ఏడు, మేకల కోసం.
చెబుదామనుకుంటాను. చెప్పను.
ఆయన కళ్ళజోడు అప్పటికే మసకబారింది.

పోయినేడు మా చుక్కల మేక
ఒకావిడ పుస్తకంలో పేజీ నమిలేసింది.
ఆవిడ నొచ్చుకోలేదు.
మేక కడుపులోకి పోయిన ముట్టడినంతా
పొల్లు పోకుండా అప్పజెప్పింది.
నాకా భాష రాదు. గొంతు ఆగిన చోటల్లా
ఎవరో కూలిపోయారని తెలిసింది.

ఈసారి రాసినాయనా వచ్చాడు,
చేతికర్ర, చెవిలో మిషను, జేబులో దగ్గు బిళ్ళలు.
"డోలు కొట్టే కుర్రాణ్ణి ఎందుకు చంపారు?"
అందరిదీ ఒకటే నిలదీత.
"చంపానా? ఏ పుస్తకంలో?" అన్నాడాయన.

పదకొండు గొంతులు ఒక్కసారే కథ అందుకున్నాయి.
ఆయన నా ముక్కాలిపీట మీద కూలబడి
చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని
ఆ పిల్లాడికేమవుతుందోనని
వింటున్నాడు.

పాలు పితికే వేళ దాటిపోతోంది.
నాకు ఇంకో పీట లేదు.