చిల్లు

తాంపెరెలో మంచు ఆగని గురువారం.
బల్ల మీద తూవి పాత్ర కాగితం:
పన్నెండేళ్ళ మంత్రగత్తె,
ప్రాణాల గడి దగ్గర
రబ్బరు రుద్దీ రుద్దీ పడ్డ చిల్లు.

నా తెర మీద నలభై గళ్ళు, ఆరు రంగులు.
పాచిక ఆగింది. ఆమె వేలు
చీకట్లో స్విచ్చు కోసం తడిమినట్టు తడిమింది.
ఈలోగా రాక్షసి కొట్టనే కొట్టింది.

ఆ రాత్రి ముప్పైమూడు తీసేశాను.
ఆవగింజంత అంకెను రేగుపండంత చేసి
బొటనవేలి కిందికి తెచ్చాను.

"బాగుంది," అంది తూవి.
"కానీ నేనెన్నిసార్లు చావబోయానో
దీనికి తెలీదు కదా."

ఇప్పుడు చెరిపిన ప్రతి అంకే
వెనకాల లేతగా మిగుల్తుంది,
తుడిచిన పలక మీద బలపంలా.

దాన్ని ఆపే మీట
నేను పెట్టలేదు.