పొగల లెక్క

ఆదివారం తొమ్మిదిన్నరకి బాల్ట్సర్ వస్తాడు, తలుపు కొట్టడు,
చేతికర్రతో మెట్టు మీద రెండుసార్లు పొడుస్తాడు.
ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి,
తలుపు కొడితే సంతకం పెట్టించుకోవాలనిపిస్తుందట.
అతని సంచి ఇప్పుడు నాది.

చేటలంత స్నోషూలు కాళ్ళకు బిగించుకుని
ఎడంగా, బాతుల్లా, గడ్డికొట్టం దాటి ఎక్కుతాం.
అడుగు వేస్తే మంచు కరక్కుమంటుంది, ఆ తర్వాత
కాస్త ఆలోచించి, ఇంకో బెత్తెడు దిగుతుంది.
ముందు నడిచేవాళ్ళకి దారి లేదు,
వెనక నడిచేవాళ్ళకి అలుపు లేదు,
అందుకే వంద అడుగులకోసారి మారతాం.
లార్చ్ చెట్ల కింద కుందేలు వెళ్ళిన జాడ
మా జాడకంటే తిన్నగా ఉంది.

గుట్ట పేరు ముట్టా నైరా. నల్లగుట్ట అని.
ఏడాదికి ఏడు నెలలు తెల్లగానే ఉంటుంది.
పేరు పెట్టినవాడు వేసవిలో వచ్చుంటాడు.

పైన ఒక ఇత్తడి పలక,
ఏ శిఖరం ఏదో, ఎంత ఎత్తో చెక్కి.
బయటివాళ్ళు వచ్చి దాని మీది మంచు తుడిచి
వేలితో చదివి, తలెత్తి, ఓహో అంటారు.
చుట్టూ నలభై శిఖరాలు, దువ్వెన పళ్ళలా,
కొన్ని విరిగి.
బాల్ట్సర్ వాటికి వీపు పెట్టి నిలబడతాడు.
అతను చూసేది కిందికి, ఊళ్ళోకి.
పొగలు లెక్కపెడతాడు.

తుమాష్‌ది లావు పొగ. తడి కట్టె, పిసినారి.
అన్నదమ్ములు రిష్, గ్యేరి: ఒకే కప్పు, రెండు గొట్టాలు.
పదకొండేళ్ళుగా ఆ రెండూ కలవలేదు
గాలి వీచిన రోజు తప్ప.
లెట్సాది సన్నం, పాలు కాస్తోంది.
పాస్టరుది. జున్నుశాలది.
ఆరు.
ఆరు, అన్నాడు మళ్ళీ.
ఏడోది ఒన్నాది. చివరి ఇల్లు, ఎనభై మూడేళ్ళ మనిషి.
గొట్టం మీద మంచుటోపీ చెక్కుచెదరలేదు.

ఫ్లాస్కుకి మూత కూడా పెట్టలేదు మేము.
గంటా ముప్పావు ఎక్కిన గుట్టని
పడుతూ లేస్తూ ఇరవై నిమిషాల్లో దొర్లాం.
నా ఎడమ పట్టీ తెగింది, మిగతాది ఒంటిచేటతో.
దారి పొడుగునా అతనిది ఒకటే మాట:
బుధవారం పింఛను కాగితం నువ్వే ఇచ్చావు కదా,
చెయ్యి ఎలా ఉంది? వణికిందా?
నాకు చెయ్యి గుర్తులేదు.
కవరు గుర్తుంది. కిటికీ ఉన్న కవరు.

ఒన్నా తలుపు తీసింది, మోచేతుల పైకి చొక్కా మడిచి.
"ఆ వలలు విప్పి రండి, నేల తుడిచాను."
లోపల వెచ్చన.
గోడ వెనక తెల్లపెట్టె ఒకటి గురకపెడుతోంది.
గురువారం బిగించారట, పంచాయతీ సగం డబ్బిచ్చిందట.
కట్టె లేదు, బూడిద లేదు, దగ్గు తగ్గింది.
బాల్ట్సర్ కూర్చోకుండా పొయ్యినే చూశాడు.
దాని మీద జెరేనియం కుండీ.
"చెప్పాల్సింది," అన్నాడు.
"ఏం, నా పొగ నీ పేర రిజిస్టరయిందా?"
ఆమె అక్రోటు కేకు కోసింది.
అతను రెండు ముక్కలు తిన్నాడు
కోపంగా.

తరవాతి ఆదివారం మళ్ళీ ఎక్కాం.
కొత్త పట్టీ. పాత జాడ సగం పూడింది.
శిఖరాలకి వీపు. లావుది, జంట, సన్నం...
ఆరు, అన్నాడు.
చివరి ఇంటివైపు చాలాసేపు చూశాడు.
చూరు నించి నీళ్ళు కారాయో, తెర కదిలిందో,
నాకైతే ఏమీ కనపడలేదు.
టీ చల్లారింది.
ఏడు, అన్నాడు,
వంగి, దిగడానికి పట్టీలు బిగించుకున్నాడు.