పక్క వేలు

ఈ తూరి సిరా ఎడమచేతి నడిమి వేలికని
అనంతపురం ట్రైనింగులో రెండు మార్లు చెప్పినారు.
చూపుడు వేలి మీద పోయిన ఎన్నిక ఇంకా ఉంటుందట.

ఉంది.
ముద్దలకుంట బడిలో, మూడో తరగతి గదిలో,
పొద్దున ఏడు కొట్టినప్పటి నుంచి
నా ముందుకు చాచిన ప్రతి చేతికీ ఉంది.
మొదట్లో లేత గోరు, కొనలో నల్లని నెలవంక.
నాలుగు నెలల్లో గోరు అంత దూరం నడిచింది.
గెలిచినాయన రెండు నెలలే నడిచినాడు.

చెనిక్కాయ పెరికే కాలం.
కట్టె పెరికిన చేతులతోనే వరసలో నిలబడినారు.
మట్టి ఏదో, పాత మచ్చ ఏదో తెలియక
తడిగుడ్డతో తుడిచి చూడాల్సి వచ్చింది.
"తుడువమ్మా, బాగా తుడువు.
మా చేతులు ఒకరు తుడిచింది ఎప్పుడు గనక"
అంటుంది వన్నూరమ్మ.
వెనక వరసంతా నవ్వు.

ఏజెంట్లు ముగ్గురూ
పోయినసారి కూర్చున్న బెంచీ మీదే ఉన్నారు.
ఇద్దరు మాత్రం చోట్లు మార్చుకున్నారు.
పన్నెండుకు ముగ్గురికీ ఒకే క్యారియర్లో చిత్రాన్నం.

రోడ్డు కొత్తది.
నోటిఫికేషన్‌కు వారం ముందు
రాత్రికి రాత్రి లైట్లు పెట్టుకొని వేసినారంట,
మెయిన్ రోడ్డు మలుపు దాటినాక కాస్త దూరం నుంచి
బడి గేటు దాకా.
గేటు అవతల కంకర కుప్ప, దాని మీద మేక.
ఎండెక్కేసరికి తారు మెత్తబడి
చెప్పులకు అంటుకొని గదిలోకి వచ్చింది.
నేను వేళ్లకు నలుపు పూస్తుంటే
వాళ్లు నేలకు నలుపు పూస్తున్నారు.

పెన్నోబులేసు, టమోటా ఆటో తోలే పిల్లోడు,
వంగి మెల్లగా అడిగినాడు:
"మేడం, ఒకాయన పోతే రోడ్డొచ్చింది.
బోరుకు పగటి కరెంటు రావాలంటే
ఎంతమంది పోవాల?"
నేను లెక్కల టీచర్ని.
సంతకం ఇక్కడ, అన్నాను.

కుళ్లాయప్ప చేతికి నడిమి వేలే లేదు.
చెనిక్కాయ మిషన్లో పోయి ఎనిమిదేళ్లంట.
పుస్తకం తిరగేసినాం, నేనూ ప్రిసైడింగ్ ఆఫీసరూ,
కరువు సాయం లిస్టులో పేరు వెతికినంత సేపు.
పక్క వేలికి వేయొచ్చు.
ఉంగరపు వేలు చాచి ఆయనే మమ్మల్ని ఓదార్చినాడు:
"ఏం కాదులే సార్.
ఇంకో ఆయన పోయినా
చిటికెనేలు ఉంది గదా."

మూడు దాటినాక, వరస పలచబడినాక,
ఒక ముసలాయన వచ్చినాడు.
స్లిప్పులో పేరు నారెప్ప.
చూపుడు వేలిని కుడి చేత్తో కప్పుకొని
నడిమి వేలు నా దిక్కు పెట్టినాడు.
"అది ఆయప్పకేసింది. తాకొద్దు."
తడిగుడ్డ పక్కన పెట్టినాను.
రూలు ప్రకారం చూడాల.
చూడలేదు.

ఆరుకు మిషన్ మూసి, లక్క కరిగించి, సీళ్లేసి,
సిరా సీసా మూత బిగిస్తుంటే
నా బొటనవేలికి అంటింది.
నా ఓటు ఈ నియోజకవర్గంలో లేదు.
సబ్బుతో పోలేదు.
వన్నూరమ్మ చెప్పినట్టు మట్టితో రుద్దినా పోలేదు.

రాత్రి బస్సు.
మిషన్ పెట్టెను ఒళ్లో పెట్టుకొని
ప్రిసైడింగ్ ఆఫీసరు కునుకు తీస్తున్నాడు.
కిటికీ చల్లగా, చక్రాల కింద ఏ చప్పుడూ లేకుండా
కొంత దూరం.
తారు అయిపోయిన చోటు
నిద్రలో ఉన్నవాళ్లందరికీ
ఒకేసారి తెలిసింది.