గుర్రాలు చాలని పుస్తకం

గూడూరు రైల్వే గేటు పక్కన ప్రెస్సులో
నేను కంపోజిటర్ని.
ఎడమచేతిలో స్టిక్కు, కుడివేళ్ళకి సీసం,
లోకాన్ని తలకిందులుగా చదివే ఉద్యోగం.

పెంచలయ్య నెలకో నవల తెచ్చేవాడు.
సైదాపురం మైకా గనిలో టైమ్‌కీపరు.
కూలీల హాజరు పుస్తకంలో
వెనక పేజీల నిండా అమెరికా.
అట్ట మీద మాత్రం 'కెప్టెన్ పెంచల్'.
ఆయన ఎక్కిన పెద్ద వాహనం రాపూరు బస్సు.

మొదటి పుస్తకంలోనే గుర్రాలు చాల్లేదు.
గుర్రం ఎక్కాడు, గుర్రం దిగాడు,
గుర్రం సకిలించింది, గుర్రం చచ్చింది.
కేసులో రావత్తులు అన్నీ కలిపి నలభై,
పదహారో పేజీకల్లా గూడు ఖాళీ.
"సామీ, వత్తులు అయిపొయినాయి" అన్నా.
బీడీ ఆర్పి కాసేపు ఆలోచించాడు.
"సరే, ఈణ్ణించి హీరోని నడిపించు."
అట్లా మావాడు ఎడారి మొత్తం
కాలినడకన దాటాడు.
ఏం పట్టుదల అని జనం మెచ్చుకున్నారు.

మంచు ఎట్టుంటుందో ఆయనకి తెలీదు.
వెన్నెల రాత్రి గని తుక్కుదిబ్బ ఎక్కి
అభ్రకం పొరలు మెరవడం చూసి
'కొండంతా తెల్లన, కాలేస్తే కరకర' అని రాశాడు.
ఆ మెరుపు కాయితాలతో పాటు నా దగ్గరికీ వచ్చేది,
అన్నం తినేటప్పుడు వేళ్ళ సందుల్లో కనబడేది.
ఆయన బందిపోట్లు దాటిన మహానది
ఎండాకాలం పెన్న, మోకాలి లోతు ఇసక.
షెరీఫుకి ఎక్సైజు ఎస్సై మీసాలు.
సారాకొట్టుకి రెండు ఊగే తలుపులు తగిలిస్తే
అదే వాళ్ళ ఊరు.
అద్దె పుస్తకాల కొట్టులో రోజుకి పది పైసలు,
చిల్లకూరు నించి సైకిళ్ళేసుకొచ్చి
వరస కట్టేవాళ్ళు.

మజ్జిగ పొద్దులో, పొరలు చీల్చే ఆడవాళ్ళకి
తన పుస్తకం తనే చదివి వినిపించేవాడంట.
యానాదుల పోలమ్మ,
రాతిని ఉల్లిపొరకన్నా పల్చగా ఒలిచే మనిషి,
ఒకరోజు అడిగింది:
"అబ్బయా, ఆ ఈకలోళ్ళు ముందు నించీ ఆడే ఉండారు గదా?"
"ఉండారు."
"మరి వాళ్ళ నేల మీదికొచ్చి
వాళ్ళనే దొంగలంటారేంది?
నువ్వు ఏ పుస్తకం తెచ్చినా
ముప్పయ్యో పేజీకే సస్తారేంది?"
కత్తి ఆపకుండానే ఇంకో మాట అంది,
ఉప్పు ధర చెప్పినట్టు:
"మా తాత ఈ గుట్ట మీదే కుందేళ్ళు పట్టేవోడు.
ఇప్పుడు గుట్టేదీ, గుంతేగా."

ఇదంతా ఆయనే చెప్పాడు, చాన్నాళ్ళకి,
నా స్టూలు మీద కూచుని, నా మొహం చూడకుండా.

మూడు నెలలు రాతప్రతి రాలేదు.
శుభలేఖలు, చుట్టల లేబుళ్ళు, ఎలక్షన్ కరపత్రాలు పేర్చా.
నాలుగో నెల సంచి తెరిస్తే
కొత్త నవలలో తుపాకి ఒక్కసారీ పేల్లేదు.
కొలతగొలుసు పట్టుకొచ్చిన దొరని
ఈకల ముసల్ది
"ఏం కొలుస్తుండావు నాయనా?" అంటుంది.
అంతే కథ.
వంద పేజీలు దొర జవాబు వెతుక్కుంటాడు,
దొరకదు.
గుర్రాలు రెండే, వత్తులు మిగిలినాయి.
ఈసారి ప్రశ్న గుర్తులు చాల్లేదు.
ఎదురు వీధి ప్రెస్సులో
గుప్పెడు అప్పు తెచ్చా.

అద్దెకొట్టాయన కట్ట విప్పకుండానే తిప్పి పంపాడు.
ఉడకేసిన వేరుశెనక్కాయలకి పొట్లాలుగా
ఆ దొర స్టేషన్ ప్లాట్‌ఫారమంతా తిరిగాడు.
పోలమ్మకి చదివి వినిపించాడో లేదో
నేను అడగలా.
ఆ ఏడే గని మూతపడింది.

ప్రెస్సు సీసం తూకానికి అమ్మిన రోజు
కొన్ని రావత్తులు జేబులో వేసుకున్నా.
అరచేతిలో పెట్టుకుంటే
అరిగిపోయిన చిన్న లాడాల్లా ఉంటాయి.
ప్రశ్న గుర్తులు కూడా నా దగ్గరే ఉన్నాయి.
అప్పుగా తెచ్చినవి.
తిరిగి ఇవ్వలేదు.