గెడ్డ ఖాతా

పోర్టులో ముప్పయ్యొక్క ఏళ్లు
ఇనప ఖనిజం టన్నుల లెక్క రాశాను.
తట్టెడు తగ్గినా పట్టుకునేవాణ్ణి.
ఇక్కడ, ఈ నల్ల అట్ట పుస్తకంలో,
పదకొండు మంది కుర్రాళ్లు, ఒక బంతి.
ఎక్కడ కారిపోతోందో ఏటా వెతుకుతూనే ఉన్నాను.

"ఏటి మేష్టారూ, మళ్లీ బొక్కేనా?"
సెక్రటరీ అప్పలసూరి టీ గ్లాసు
తిన్నగా నా అంకెల మీదే పెడతాడు.
బొక్కే.
గుండ్రటి మరక లోపల
పద్నాలుగు వేల మూడొందల నలభై.

రాబడి ముందు రాస్తాను, తొందరగా అయిపోతుంది.
టిక్కెట్టు పదిహేను రూపాయలు, కొన్నవాళ్లు నలభై ఒకరు.
చూసినవాళ్లు?
రైల్వే వంతెన మీద సైకిళ్లు ఆపుకున్నవాళ్లు,
ప్రహరీ మీంచి కాళ్లు వేలాడేసినవాళ్లు,
పక్క మేడ మీద తడిబట్టలు దులుపుతూ
రిఫరీ కన్నా ముందే "ఆఫ్‌సైడు!" అని అరిచే పైడమ్మ గారు.
ఆవిడకి టిక్కెట్టు కొట్టే మగాడు
జ్ఞానాపురంలో ఇంకా పుట్టలేదు.

రొయ్యల మేత కంపెనీ చొక్కాల మీద బొమ్మేయించింది.
మూడో ఉతుక్కి రొయ్యకి మీసాలు పోయాయి,
నాలుగో ఉతుక్కి కంపెనీ పోయింది.
చెక్కు ఉంది, చూసుకోడానికి.

ఖర్చు.
రిఫరీకి, గీతల సున్నానికి,
జాలరిపేట ఐసుకి (చేపల వాసన, అందుకే సగం ధర),
పూర్ణా మార్కెట్లో అరటి గెలలకి పాత బాకీ.
తర్వాత బంతులు.
గోలు వెనక ప్రహరీని తుపాను తీసుకెళ్లింది.
అవతల గెడ్డ.
మా ఫార్వర్డ్లు ఎంత గట్టిగా తంతారో
గెడ్డకే బాగా తెలుసు.
బంతిని నెమ్మదిగా, నురగతో సహా,
సముద్రానికి అప్పజెబుతుంది.
రసీదు ఇవ్వదు.

అసలు గుట్టు ఇంకోటుంది, కమిటీలో చెప్పలేదు.
ఓడిపోవడం చవక.
ఓడితే సిటీబస్సెక్కి ఎవడింటికి వాడు.
గెలిస్తే అనంతపురం:
పద్దెనిమిది బెర్తులు, లాడ్జి గదులు,
కోడికూర లేకపోతే అన్నం ముట్టని డిఫెండర్లు.
అంచేత ఆ ఆదివారం, ఒకటీ ఒకటీ సమానంగా ఉండి,
ఆఖరి నిమిషంలో పెనాల్టీకి
గరికిన నూకరాజు నడిచి వెళ్తుంటే,
పుస్తకం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.
తల్లీ కనకమాలక్ష్మీ, వీడు తప్పాలి.

అవతలి గోలీ కుడికి పడ్డాడు.
బంతి ఎడమకి.

పుస్తకం ఎక్కడ పడిందో తెలీదు.
నా చెప్పొకటి తర్వాత
మధ్య గీత దగ్గర దొరికింది.

మా గోలీ ఫెలిక్స్‌ని మాత్రం అనంతపురం తీసుకెళ్లలేదు.
ఆ వారమే ఆటల కోటాలో రైల్వేవాళ్లు తీసుకున్నారు.
పెద్ద క్లబ్బుల్లో కుర్రాడు పోతే కోట్లొస్తాయట.
మాకు పావుకిలో పాలకోవా వచ్చింది.
అప్పలసూరి రెండు ముక్కలు తిన్నాడు.
ఏ పద్దు కింద రాయను?
వాళ్లమ్మ చర్చి మెట్ల మీద
నా చేతులు రెండూ పట్టుకుని ఏదో అంది.
గూడ్సు బండి వెళ్తోంది అప్పుడు,
యాభై ఎనిమిది వేగన్లు.
వేగన్లు లెక్కపెట్టాను గానీ
మాట వినపడలేదు.

కొత్త బంతి పద్దెనిమిది వందల యాభై.
కొన్నవి రెండు, ఒకటి అప్పుడే తడిసింది.
తిరుగు టిక్కెట్లు వెయిటింగ్‌లిస్టు, ముప్పై ఏడు నుంచి.
గోడ కట్టిస్తే పదకొండేళ్ల బంతుల ఖరీదు.
నాకు డెబ్బై రెండు.

"ఏటి మేష్టారూ..." అంటూ వచ్చాడు అప్పలసూరి,
చేతిలో రెండు గ్లాసులు.
పేజీ వెనక్కి తిప్పి
నిరుటి నష్టం చూపించాను,
పెట్టుకోమని.