జిరాక్సు షాపుల నిమ్మచెట్టు

కోఠీల నా షాపు నిండా
ఒక మిషను, ఒక స్టూలు, నేను.
గడప బయట ఇరవై లీటర్ల పెయింటు డబ్బాల
నిమ్మచెట్టు.

చలికాలం మూడు నెలలు ఫుట్‌పాత్ మీద
స్వెటర్లమ్మే యాంగ్చెన్
రాత్రికి మూటలు నా దగ్గరే పెట్టి పోయేది.
ఒకనాడు పోతూ పోతూ చెట్టు ముందర ఆగి
"దీన్ని లోపలికి తియ్యవా?" అన్నది
ఆమె హిందీల, నా హిందీకి అర్థమయ్యేటట్టు.

వాళ్ల ఊర్ల మొదటి మంచు పడ్డనాడు
నిమ్మకుండీని ఇద్దరు పట్టుకొని వంటింట్లకు తెస్తరంట.
పొయ్యికి మరీ దగ్గర కాదు, కిటికీకి మరీ దూరం కాదు.
నీళ్లు, వేలితో మట్టిని అడిగి పోస్తరంట.
తేనెటీగలు రావు గనక
పువ్వు పువ్వుకూ మేనత్తే కుంచె పట్టుకొని తిరిగేదంట.
నేను నవ్విన.
మఫ్లరు కట్టుకొనే నవ్విన.
"మా దగ్గర చలికి చచ్చిన నిమ్మను నేను చూడలే అక్కా."

జనవరి ఆఖర్ల మూటలెత్తుకొని పోయింది.

మే నెల.
షట్టరు ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది.
మిషన్లకెళ్లి అప్పుడే వచ్చిన కాయితం లెక్క
ఆకులు వేడివేడిగ చుట్టుకపోయినయి.
ఇగో, మాకు మంచు పడ్డది అనుకున్న.
పక్క పాన్‌డబ్బా ముబీన్ ఒక దిక్కు, నేనొక దిక్కు పట్టి
లోపలికి తెచ్చినం.

మిషనుకు మరీ దగ్గర కాదు, అద్దానికి మరీ దూరం కాదు.
ఆరడుగుల షాపుల ఆ లెక్క ఎట్ల కుదురుతది?
ఆధార్ కార్డుల వాళ్లు ముల్లు గుచ్చుకొని తిట్టిన్రు.
హాల్‌టికెట్ల పిల్ల మాత్రం ఒక ఆకు నలిపి
వాసన చూసుకుంట పరీక్షకు పోయింది.
టోనరు దుమ్ము ఆకుల మీద వాలితే
సాయంత్రం తడిబట్టతో తుడిచిన,
ప్రేమగా ఏం కాదు,
మిషను గ్లాసు తుడిచినట్టు, అలవాటు కొద్ది.

కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
చీకట్ల వాసనొచ్చింది.
నాలుగు పూలు.
తేనెటీగ కోఠీకి ఏ బస్సెక్కి వస్తది?
మిషను లోపల దులిపే చిన్న బ్రష్షు ఉన్నది.
కడిగి, ఆరబెట్టి,
అటూ ఇటూ చూసి,
ఒక పువ్వును తాకి ఇంకో పువ్వును తాకిన.
నలభై ఏడేండ్లోణ్ణి. సిగ్గయింది.

మూడు రాలినయి.
ఒకటి మిరియపు గింజంత నిలబడ్డది.

ఇప్పుడు వానలు.
ఒక్కసారే బయట పెట్టొద్దన్నది గద,
ఇయ్యాల అర్ధగంట, రేపు ఇంకో అర్ధగంట.
చెట్టు బయటకు పోయినప్పుడల్లా
గచ్చు మీద డబ్బా అడుగు, గుండ్రంగ, తడిగ.
వచ్చినోళ్లు దాన్ని తొక్కకుండ
చుట్టు తిరిగి వచ్చి నిలబడుతున్నరు.