ఐసు పెట్టె

ఈత అయిపోయింది. సైకిలూ అయిపోయింది.
ఇక మిగిలింది నడ్డి విరిగిన మధ్యాహ్నం,
దాని వెంట నలభై రెండు కిలోమీటర్ల తారు.

లంకావి దీవిలో మూడు గంటల ఎండ
పైనుంచి పడదు,
కింది నుంచి లేస్తుంది.
బూటు అడుగుల్లోంచి, మోకాలి చిప్పల్లోంచి
మెల్లగా ఎక్కి
కళ్ల వెనక కూర్చుంటుంది.

విమానాశ్రయం గోడ వెంబడి ఒక్క చెట్టు నీడ లేదు.
అప్పుడే దిగినవాళ్లు
చల్లటి అద్దాల వెనక నుంచి చేతులూపుతున్నారు.
చెయ్యెత్తే ఓపిక ఎవరికుంది?
గడ్డం ఎగరేసి ఊరుకున్నాను.

తలగుడ్డ కింద ఐసు పెట్టుకోవడం
నాకు నేర్పింది కోచ్ కాదు,
కువా రేవులో చేపల పడవలకు ఐసు తోలే పాక్ దోల్.
నా ఫెర్రీ టికెట్ల కిటికీ ముందు నుంచే
గోనె కప్పిన దిమ్మెలు తోసుకుంటూ పోతాడు రోజూ.
"పరుగెత్తుతావటగా" అన్నాడొకసారి.
"చేపకి మొప్పల దగ్గర పెడతాం. నువ్వు మెడ దగ్గర పెట్టుకో."
అంతే. అదే నా శిక్షణ.

ఇవాళ పదకొండో కిలోమీటరు దగ్గర
నీలం పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.
నన్ను చూసి లేచాడు, పేరు పిలవలేదు,
పెద్ద గరిటెతో దోసిట్లో పోశాడు.
మెడ మీంచి జారుతుంటే
వెన్నులో సముద్రం నడిచింది,
చేపల కంపుతో సహా.
ఆ కంపు కూడా బాగుంది.

ఆరు నిమిషాలకి అది నీళ్లు.
ఏడో నిమిషానికి వేడినీళ్లు.

పొలం గుంటలో గేదెలు
ముక్కులు మాత్రం బయటపెట్టి పడుకున్నాయి.
పొద్దుటి నుంచీ వెయ్యిమందిని చూశాయి.
వాటి ముఖాల్లో వెటకారం లేదు, జాలీ లేదు.
బుద్ధున్న జంతువు నీళ్లలో ఉంటుంది,
అంత మాత్రమే.

ఇరవై ఆరు. ఇరవై ఏడు.
లెక్క నా వృత్తి: చిల్లర, సీట్లు,
చివరి ఫెర్రీకి మిగిలిపోయినవాళ్లు.
ఇరవై ఏడు తర్వాత ఏమొస్తుందో గుర్తురాక
మళ్లీ ఇరవై ఏడే పరుగెత్తాను.
నల్లచొక్కా మీద ఉప్పు
ఆరిపోయిన కెరటాల గీతలై తేలింది.
కడుపు జెల్ వద్దంది, నీళ్లు వద్దంది,
నన్నే వద్దంది.
కరెంటు స్తంభాన్ని పట్టుకుని వంగాను.
ఏమీ రాలేదు. స్తంభం చెయ్యి కాల్చింది.

ముప్ఫై ఒకటి దగ్గర
ఒక మనిషి బూట్లు విప్పి, జతగా పక్కన పెట్టి,
మసీదు మెట్ల మీద కూర్చున్నట్టు
రోడ్డు అంచున కూర్చున్నాడు.
ఉడికిన పీత రంగు.
నంబరు కింద పేరు: జ్దెన్యెక్.
నోట్లో ఒకసారి తిప్పి వదిలేశాను, తిరగదు.
"ఇంకెంత దూరం?" అన్నాడు.
"ఇక్కడే" అన్నాను.
పదకొండు కిలోమీటర్ల పొడవున్న అబద్ధం,
ఇద్దరికీ తెలుసు.
అయినా బూట్లలోంచి నీళ్లు వంచి
తాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టాడు,
బడికెళ్లే పిల్లాడిలా, నాలుక కొస బయటపెట్టి.
నేను ఆగలేదు.
ఆగితే నాకూ ఎవరో ఒకరు అబద్ధం చెప్పాలి.

చివరి చుట్టులో, మగ్రిబ్‌కి కాస్త ముందు,
పెట్టె ఖాళీ.
తప్పు చేసినవాడిలా మూత పట్టుకుని నించున్నాడు పాక్ దోల్.
పేరు పెట్టి పిలిచాడు, మొదటిసారి.
"హస్నీజా, అయిపోయింది.
ఫ్యాక్టరీకి మనిషిని పంపాను, ఇంకా రాలేదు."
అడుగున నాలుగు వేళ్ల నీళ్లు.
"అవే" అన్నాను.
పెట్టె మొత్తం ఎత్తి
నా నెత్తిన కుమ్మరించాడు.

తర్వాతి దారి నాకు గుర్తులేదు.
బూట్లలో నీళ్లు చేసిన చప్పుడొక్కటి గుర్తుంది,
అదీ కాసేపటికి ఆగిపోయింది.

ఫొటోలో మెడ ఒక పక్కకి వాలి ఉంది,
కళ్లు మూసుకుపోయాయి.
ఎడమ చెంప మీద చిన్న వెండి చుక్క మెరుస్తోంది.
చెమట, అంది మా చెల్లెలు.
లైటు పడింది, అన్నాడు మేనేజరు.
మంగళవారం కిటికీ దగ్గర ఆగి
పాక్ దోల్ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.
"కెంబుంగ్ చేప పొలుసు" అన్నాడు,
దిమ్మె తోసుకుంటూ పోయాడు.